బూడిద కలిపిన గోడ

ఉప్పుకాలువ గట్టు,
ఇళ్ళ వరుసలో ఈ చివరి గది నుంచి

బుల్లీ,

ఇది ఉత్తరం కాదు, ఫిర్యాదు. చదివి నవ్వుకుని దిండు కింద పెట్టుకోకు. సిమెంటూ ఇటుకా పరీక్షించే నీ ల్యాబులో పెద్దలెవరో వాళ్ళ బల్ల మీద పెట్టాలి. అందుకే పద్ధతిగా చెబుతున్నాను. ఆ చివరి గదిలో ఉండే టైలరు పద్ధతిగా రాస్తున్నాడు.

నా పేరు పారమ్మ. పుట్టినప్పుడు పెట్టిన పేరు వేరే ఉంది కానీ, చేతిలో పార లేకుండా నన్నెవరూ చూడలేదు కాబట్టి ఇదే ఖాయమైపోయింది. వయసు డెబ్బై దాటింది. ఎంత దాటిందో నా మోకాళ్ళకే తెలియాలి. చదువు లేదు. సిమెంటూ ఇసకా వేసి మాలు కలపడం వచ్చు. ఇంట్లో ఉండేది నేను, చెవులు వినపడని నా తమ్ముడు, వాడు వరుసంతా వినేలా పెట్టే రేడియో. నీ మంచం ఇంకా అలాగే ఉంది, దాని మీద వాడి బట్టలు ఆరేసుకుంటున్నాడు.

మా కష్టం ఇది. మా వరుస ఇళ్ళన్నిటికీ వెనక గోడ ఒకటే. ఆ గోడే కాలువకి అడ్డు. సముద్రానికి పోటు వచ్చినప్పుడల్లా ఉప్పునీళ్ళు దాన్ని నాకుతాయి. ఎన్నిసార్లు పూత వేసినా పెచ్చులూడిపోతుంది, ఇటుకల మధ్య మాలు వేలితో గీకితే రాలిపోతుంది. ఇదంతా నీకు తెలుసు, నీ పుస్తకాలు ఎన్నిసార్లు తడిశాయని! ఈసారి పనుల ఆఫీసువాళ్ళు తలుపు తలుపుకీ కాయితం అంటించారు. గోడకి కొత్త మాలు పట్టిస్తారట. వచ్చే పెద్దపోటుకి నిలిస్తే మేం ఉంటాం. నీళ్ళు లోపలికి ఊరితే వరుస మొత్తం ఖాళీ చేయించి కూల్చేస్తారట.

సరే, పని మొదలైంది. మా చివరి నుంచి మొదలుపెట్టి సగం దాకా వచ్చారు. నేను చూస్తూనే ఉన్నాను. సిమెంటు బస్తా పక్కన ఇంకో బస్తా.

"మేస్త్రీ, ఏంటయ్యా అది?" అన్నాను.

"అదా పెద్దమ్మా, ఫ్లై యాష్."

"నాకు అర్థమయ్యేలా చెప్పి ఏడు."

వాడు పార కింద పెట్టి, "బూడిద," అన్నాడు.

బుల్లీ, నేను మాలులో మట్టి కలిపినవాళ్ళని చూశాను, రాతి దుమ్ము కలిపినవాళ్ళని చూశాను. బట్టబయలుగా, నా ఎదురుగా, అంట్లు తోముకునే బూడిద కలిపేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను. వెళ్ళి ఇసక కుప్ప మీద కూర్చున్నాను. లెమ్మంటే లేవలేదు. "ల్యాబువాళ్ళు పరీక్ష చేసి రాసిచ్చిన పాళ్ళు ఇవి, నా సొంత తెలివి కాదు," అని మేస్త్రి మొత్తుకున్నాడు. నా సొంత తెలివి నాకుంది అన్నాను. చివరికి దిగొచ్చి, మిగతా సగానికి, అంటే టైలరు వైపుకి, బూడిద లేకుండా ఒట్టి సిమెంటుతో వేశాడు. ఇంకో రెండు పారలు సిమెంటు ఎక్కువ వేయమని నిలబడి వేయించాను. టైలరు నాకు దండం పెట్టాడు. (పెట్టాను. — రాసినవాడు)

ఇప్పుడు నా ఫిర్యాదు. ఆ పాళ్ళు రాసిచ్చిన మహానుభావుడెవరో మీ ల్యాబులోనే ఉన్నాడు. వాణ్ణి పట్టుకో. వాడికి ఇల్లుందా, ఆ ఇంటి గోడకి బూడిద పూశాడా అని నేను అడగమన్నానని అడుగు.

ఇట్లు,
పారమ్మ


పరీక్షా కేంద్రం,
ఉద్యోగినుల హాస్టలు

అమ్మమ్మకి,

నీ ఫిర్యాదు అందింది. చేరవలసిన బల్ల మీదకే చేరింది. టైలరు గారి చేతిరాత ముత్యాల్లా ఉందని చెప్పు.

అది అంట్లు తోముకునే బూడిద కాదు. బొగ్గు మండించి కరెంటు తీసే చోట పొగగొట్టంలో పట్టే మెత్తని బూడిద. సిమెంటు కన్నా నున్నగా ఉంటుంది, వేళ్ళ మధ్య రాసి చూడు. సిమెంటుతో కలిపితే పనికొచ్చే సరుకే. మోసం చేయడానికి కలిపింది కాదు.

నాకొక్క సాయం చెయ్యి. మీ వైపు గోడని ఆరనివ్వకు. మేస్త్రి వారం రోజులు తడిపి వెళ్ళిపోతాడు, అది చాలదు. గోనెసంచులు కప్పి, అవి ఎప్పుడూ తడిగా ఉండేలా చూడు. నెల దాటినా ఆపకు. ఎందుకని అడక్కు, తర్వాత చెబుతాను. ఇసక కుప్ప మీద ఎక్కువసేపు కూర్చోకు, నడుం పట్టేస్తుంది.

తాతయ్యని రేడియో తగ్గించమని చెప్పు. నా మంచం మీద బట్టలు ఆరేసుకుంటే ఆరేసుకోనీ.

నీ
బుల్లి


గట్టు మీద నుంచి

బుల్లీ,

నా మాటే నిజమైంది. విను.

నిన్న పనుల ఆఫీసు ఓవర్‌సీయరు వచ్చాడు. జేబులోంచి ఇంత పొడుగు మేకు తీశాడు. టైలరు వైపు గోడకి పెట్టి నొక్కితే గీత కూడా పడలేదు. మా వైపుకి వచ్చి నొక్కాడు. పెరుగులో దిగినట్టు దిగింది. వరుసలో ఉన్నవాళ్ళందరూ ముక్కున వేలేసుకున్నారు.

"ఇదేం గోడ?" అని ఒంటికాలి మీద లేచాడు. మేస్త్రి తల గోక్కున్నాడు. నేను ముందుకొచ్చి, "నేను మొదట్నుంచీ చెబుతున్నదే అది, బాబూ," అన్నాను.

"మేస్త్రి చెప్పిన, ఫిర్యాదు పెట్టిన పెద్దావిడ మీరే కదా? మంచి పని చేశారు. ఈ వైపు మొత్తం ఒలిపించేస్తాను," అన్నాడు.

వరుసంతా నన్ను పొగిడింది. పొద్దుటినుంచీ ఎవరో ఒకరు వచ్చి పారమ్మ లేకపోతే మన గతేమయ్యేది అంటున్నారు. సంతోషంగానే ఉండాలి నేను. అన్నం సయించడం లేదు.

ఎందుకో చెప్పనా? 'ఎందుకని అడక్కు' అన్నావు. చిన్నప్పుడు నువ్వా మాట అన్నప్పుడల్లా ఇంట్లో ఏదో ఒకటి పగిలి ఉండేది. అద్దమో, కుండో, పక్కింటివాళ్ళ కిటికీయో. పైగా ఫిర్యాదు పెద్దవాళ్ళకి ఇచ్చాను అనలేదు. చేరవలసిన బల్ల మీదకి చేరిందన్నావు. నాకు చదువు రాదు కానీ, చదివి వినిపిస్తే చెవులు పనిచేస్తాయి.

ఆ బల్ల ఎవరిదే?

పారమ్మ


పరీక్షా కేంద్రం,
హాస్టలు

అమ్మమ్మకి,

ఆ బల్ల నాది.

ఆ పాళ్ళు రాసింది నేనే. ఉప్పుకాలువ గోడ పని మా ల్యాబుకి వచ్చిందని తెలిసిన రోజు మా పై అధికారిణి దగ్గరికి పరిగెత్తి, అది నాకివ్వండి మేడమ్ అని అడిగి తీసుకున్నాను. నీకు చెప్పలేదు. బూడిద అనగానే నువ్వు ఇల్లు పీకి పందిరేస్తావని తెలుసు. పని అయిపోయి, గోడ నిలబడ్డాక చెబుదాం అనుకున్నాను. నువ్వు అంతకు ముందే ఇసక కుప్ప ఎక్కేశావు.

సిమెంటు గట్టిపడేటప్పుడు లోపల కొంత సున్నం మిగిలిపోతుంది. మన కాలువ నీళ్ళు మెల్లగా ఆ సున్నాన్ని కరిగించుకుపోతాయి. అది పోయిన చోట కంటికి కనపడని సందులు పడతాయి. వాటిలోకి ఉప్పు చేరుతుంది. ఎండినప్పుడు ఆ ఉప్పు గింజకట్టి లోపలినుంచి నెడుతుంది. నువ్వు ప్రతి ఏడూ ఊడ్చి పారబోసే పెచ్చులు అవే. సిమెంటు ఎంత ఎక్కువ వేసినా ఆ సున్నం మిగులుతూనే ఉంటుంది.

ఈ బూడిద ఆ మిగిలిన సున్నాన్ని పట్టుకుని తనూ బంకగా మారిపోతుంది. సందులు పూడిపోతాయి. నీళ్ళకి దారి దొరకదు. కాకపోతే నిదానం, అమ్మమ్మా. తాతయ్య మంచం దిగి చెప్పులు తొడుక్కునేంత నిదానం. అదీ తడి ఉన్నన్నాళ్ళే జరుగుతుంది. ఇంత తొందరగా మేకు గుచ్చితే మెత్తగానే దిగుతుంది. ఓవర్‌సీయరు గారికి మా ల్యాబు తరఫున ఇదంతా రాశాం. తన మేకునే నమ్ముతానన్నారు. ఒలిచేస్తే పెద్దపోటు లోపల మళ్ళీ వేసి గట్టిపరచడానికి వ్యవధి లేదు. అప్పుడు ఇళ్ళు పోయినట్టే.

నీకు అబద్ధం చెప్పను. నాకూ భయంగానే ఉంది. ఇక్కడ పరీక్ష కోసం ఆ మాలుతో నేను పోసిన దిమ్మలు నీళ్ళ తొట్టిలో బుద్ధిగా మునిగి కూర్చుంటాయి. గోడ తొట్టిలో కూర్చోదు. దాని మీద ఎండ కొడుతుంది, గాలి వీస్తుంది, తడిపేవాళ్ళు విసుగెత్తి మానేస్తారు. పాళ్ళు రాసేటప్పుడు ఇదంతా ఎవరు చూస్తారా అని ఆలోచించి, అక్కడ మా అమ్మమ్మ ఉందిలే అనుకున్నాను. నీకు చెప్పకుండానే నిన్ను లెక్కలో వేసుకున్నాను. తిట్టు.

బుల్లి


గట్టు మీద నుంచి

బుల్లీ,

తిడుతున్నాను.

(ఇక్కడ ఆవిడ అన్నవి రాయడానికి నా కలం ఒప్పుకోలేదమ్మా. కాయితానికి ఆ వైపంతా వచ్చేవి. — టైలరు)

ఇప్పుడు సంగతి. ఒలిచే కూలీలని వెంటబెట్టుకుని ఓవర్‌సీయరు దిగాడు. నేను అప్పటికే గోడకీ కాలువకీ మధ్య ఉన్న గట్టు మీద పీట వేసుకుని కూర్చున్నాను.

"లేవండి పెద్దమ్మా, పని మొదలుపెట్టాలి."

"లేవను."

"ఫిర్యాదు పెట్టింది మీరే కదా!"

"పెట్టాను. ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. ఫిర్యాదు నాది, నా ఇష్టం."

"అంటే బూడిద మీద నమ్మకం కుదిరిందా?"

"రవ్వంత కూడా లేదు."

"మరి?"

"ఆ పాళ్ళు రాసింది నేను పెంచిన పిల్ల. తప్పు రాసి ఉంటే దాన్ని నేను చూసుకుంటాను. మధ్యలో నీ మేకేంటి?"

ఆయన మేస్త్రి వైపు చూశాడు. మేస్త్రి ఆకాశం వైపు చూశాడు. మా తమ్ముడు ఏం జరుగుతోందో వినపడక, పెద్దమనిషి వచ్చాడు కదా అని కుర్చీ తెచ్చి వేశాడు. ఆయన దాని మీద కూర్చోక తప్పలేదు. కూర్చున్నాక మనిషి కాస్త మెత్తబడ్డాడు. "పెద్దపోటు దాకా ఆగుతాను. ఆ తర్వాత నీళ్ళు లోపలికి వస్తే మాత్రం నన్ను తప్పు పట్టొద్దు," అని వెళ్ళాడు.

ఇక తడపడం. వరుసలో ఇంటికొకరికి వంతు వేశాను. ఎవరి వంతు తప్పితే వాళ్ళ గుమ్మం ముందు నిలబడి రేడియో కన్నా పెద్దగా అరుస్తున్నాను. బియ్యం దుకాణంలో గోనెసంచులన్నీ మన గోడ మీదే ఉన్నాయి. మొన్న చూద్దును కదా, మీ తాతయ్య కుళాయి దాకా నడవడం బద్ధకించి, పక్కనే ఉంది కదా అని కాలువలోనే బిందె ముంచి గోడకి కొడుతున్నాడు! ఏ ఉప్పునీళ్ళని ఆపడానికి ఈ తిప్పలు పడుతున్నామో ఆ నీళ్ళే! బిందె లాక్కున్నాను. "తడే కదా అక్కా," అంటాడు. ఆ సంచులన్నీ తీయించి, మంచినీళ్ళతో గోడంతా కడిగించాను. ఏం ఫరవాలేదు కదా? వెంటనే రాయి.

నీ మీద కోపం పోలేదు.

పారమ్మ


గట్టు, అవతలి చివరి గది నుంచి

అమ్మాయి గారికి టైలరు నమస్కారాలు.

తాతయ్య గారి బిందె సంగతికి మీరు 'ఒక్కపూటే కదా, కడిగేశారు కదా, ఫరవాలేదు' అని రాసిన ఉత్తరం ఆవిడకి చదివి వినిపించాను. ఆ పూట ఆవిడ అన్నం కడుపునిండా తిన్నారు.

ఇది మాత్రం ఆవిడకి తెలియకుండా నా అంతట నేను రాస్తున్నాను. మా వైపు గోడ, అంటే ఒట్టి సిమెంటుతో వేసింది, మేకు దిగనంత గట్టిగా ఉంది. కానీ మా గది వెనకాల వెంట్రుకంత సన్నని పగుళ్ళు వచ్చాయి. మామూలు పోటుకే వాటి వెంబడి తెల్లగా ఉప్పు పూసింది. చేత్తో తుడిస్తే పోతుంది, మర్నాటికి మళ్ళీ వస్తుంది. నేను బట్టలు ఆరేసినట్టు ఒక పాత పరదా కట్టి దాన్ని కప్పేశాను.

ఎందుకు కప్పానంటే, ఆ సిమెంటు దగ్గరుండి ఎక్కువ వేయించింది ఆవిడే. మా మేలు కోరే వేయించారు. మా గోడే వరుసని ముంచుతుందని తెలిస్తే ఆవిడ తట్టుకోలేరు. మీ వైపు ఒక్క సంచి ఆరనివ్వకుండా ఆ మోకాళ్ళతో కుళాయికీ గోడకీ తిరుగుతున్నారు. వంతులు వేశానన్నారు కానీ సగం వంతులు ఆవిడే చేస్తున్నారు.

పెద్దపోటు దగ్గరికి వచ్చేస్తోంది. ఏం చేయాలో మీరే చెప్పండి.

టైలరు


పరీక్షా కేంద్రం నుంచి

టైలరు గారూ,

ఈ ఉత్తరం అమ్మమ్మ ముందే, గట్టిగా చదవండి. పరదా తీసేయండి. ఆవిడ దగ్గర ఒకటి దాచి నేను పడ్డ తిట్లు చాలు, మీరు కూడా పడొద్దు.

అమ్మమ్మా, టైలరు గారి గోడ బీటలిచ్చింది. సిమెంటు మరీ ఎక్కువైతే ఆరేటప్పుడు ముడుచుకుని బీటలిస్తుంది. మేస్త్రి వారానికే తడపడం మానేశాడు కాబట్టి ఇంకా తొందరగా ఇచ్చింది. నువ్వు చెడు చేయాలని చేయలేదు. నేను ముందే నీకు అన్నీ చెప్పి ఉంటే నువ్వు ఆ పని చేసేదానివే కాదు. కాబట్టి ఇది సగం సగం.

బాగుచేయడానికి వీలుంది. కాల్చిన తెల్లమట్టి పొడి అని ఒకటుంది. అది కూడా బూడిద చేసే పనే చేస్తుంది, కానీ చాలా చురుకు. వారం పది రోజుల్లోనే పట్టు వచ్చేస్తుంది. గోడ మొత్తానికి సరిపడా తేలేను, పరీక్షలకి తెచ్చినదాంట్లో మిగిలింది కొద్దిగా ఉంది. పగిలిన మేరకి చాలు. మా మేడమ్‌ని అడిగాను, తీసుకెళ్ళమన్నారు. ఓవర్‌సీయరు గారికీ కబురు పంపాం.

ఇంకో మాట. అమ్మమ్మా, మీ వైపు వేసిన బూడిద మాలుతోనే పోసిన దిమ్మలు ఇక్కడ ఉప్పునీళ్ళ తొట్టిలో ఉన్నాయి. ఈ రోజు ఒకటి తీసి పగలగొట్టి చూశాను. ఉప్పు పైపొర దాటలేదు. ఒట్టి సిమెంటు దిమ్మలో లోపలి దాకా వెళ్ళిపోయింది. ల్యాబులో అందరి ముందూ ఎగిరి గంతేశాను.

ఆదివారం వస్తున్నాను. మంచం మీద బట్టలు తీయించు. పార సిద్ధంగా ఉంచు.

బుల్లి


ఉప్పుకాలువ గట్టు,
ఇళ్ళ వరుసలో ఈ చివరి గది నుంచి

బుల్లీ,

నువ్వు బస్సెక్కి వెళ్ళాక జరిగింది చెబుతున్నాను. నువ్వు అడిగినట్టే, ఏదీ దాచకుండా చెబుతున్నాను. దీన్ని కూడా మీ మేడమ్‌ బల్ల మీద పెట్టు.

ఆ ఆదివారం టైలరు గోడ బీటలకి మనిద్దరం కలిపి వేసిన మాలు మీద సంచులు కప్పించాను. టైలరు కుట్టుమిషను కిటికీ దగ్గరికి జరుపుకుని, ఒక కన్ను గుడ్డ మీద, ఒక కన్ను గోడ మీద పెట్టి కాపలా కాశాడు. ఎవరిదో చొక్కాకి చేతులు తిరగేసి కుట్టాడు కూడా. నువ్వు తెచ్చిన ఆ తెల్లపొడి మాలుని జిగటగా చేసి పారకి పట్టుకుంటుంది, నాకు నచ్చలేదు. పని మాత్రం చేసింది. తెల్లపూత మళ్ళీ రాలేదు.

పెద్దపోటుకి ముందురోజు ఓవర్‌సీయరు వచ్చాడు. మా వైపు గోడకి మేకు పెట్టి నొక్కాడు, తర్వాత సుత్తి తీసుకుని కొట్టాడు. మేకు వంగింది. వంగిన మేకుని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇంత గట్టిపడుతుందని నేననుకోలేదు పెద్దమ్మా," అన్నాడు. "నేనూ అనుకోలేదు బాబూ," అన్నాను. ఉన్న మాటే కదా. ఇద్దరం నవ్వుకున్నాం. అయినా తలుపుల మీది కాయితం చింపడానికి నీళ్ళు వచ్చి పోవాలన్నాడు.

వచ్చాయి. నేను పుట్టి బుద్ధెరిగాక గట్టు మీదకి అంత ఎత్తు రావడం చూడలేదు. అలలు గోడని కొడుతుంటే గదిలో గిన్నెలు కదిలాయి. వరుసలో ఒక్కరూ బయటికి వెళ్ళలేదు. ఎవరి గదిలో వాళ్ళు వెనక గోడకి రెండు చేతులూ ఆనించి నిలబడ్డారు. చేతులతో గోడని ఆపుతామన్నట్టు! ఓవర్‌సీయరు టైలరు గదిలో నిలబడ్డాడు. ఆయనా చేతులు ఆనించాడని టైలరు అంటున్నాడు, తాను ఆనించలేదని ఆయన అంటున్నాడు. మీ తాతయ్య రేడియో ఆపేశాడు. ఎప్పుడూ ఆపనివాడు ఆపేసరికి నేను అటు తిరిగాను. "ఏంట్రా?" అంటే, "గోడలో ఏమైనా చప్పుడొస్తుందేమో విందామని," అన్నాడు. వినపడని మనిషి!

నీళ్ళు తగ్గాక ఓవర్‌సీయరు ఒక్కో గదిలోకి వచ్చి గోడ తడిమాడు. నేల తడిమాడు. మూలల్లో కూడా చెయ్యి పెట్టాడు. చివరికి మా గదిలోకి వచ్చి నీ మంచం జరిపి, వెనకాల చూశాడు. బయటికి వెళ్ళి, తలుపు మీద కాయితాన్ని ఆయనే గోళ్ళతో గీకి తీశాడు. మా ఒక్క తలుపుదే కాదు, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా. మేం ఇక ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు బుల్లీ. అందరూ ఒక్కసారిగా మాట్లాడారు, ఎవరేమన్నారో ఎవరికీ తెలియదు. మేస్త్రి మీ తాతయ్యని ఎత్తుకుని గిరగిరా తిప్పాడు.

నేను గోడ దగ్గరే చాప పరుచుకుని, దానికి వీపు ఆనించి కూర్చున్నాను. కాస్త కళ్ళు మూసుకుందామనుకున్నదాన్ని అలాగే నిద్రపోయాను. మళ్ళీ పోటు వచ్చి అవతల నీళ్ళు కొడుతూనే ఉన్నాయట. లేచి చూసుకుంటే నా వీపు పొడిగా ఉంది.

నీ మీద కోపం పోయింది. ఇదంతా నేను చెప్పగా టైలరు రాశాడు. చదివి వినిపిస్తే విని, సరిగ్గానే ఉందని ఒప్పుకుని, నా ఎడమచేతి బొటనవేలు ముద్ర వేస్తున్నాను.

(పారమ్మ వేలిముద్ర)

సాక్షులు:
టైలరు, రాసినవాడు కూడా ఇతనే.
మేస్త్రి.
ఓవర్‌సీయరు, ఆ దారిన పోతూ ఆగి సంతకం చేశారు.
పారమ్మ తమ్ముడు, ఏం రాశారో వినపడలేదు కానీ నిజమే అన్నాడు.